డెబ్బై గ్రాములు

కాటా ముల్లు ఐదువందల ముప్పై దగ్గర ఆగిపోయింది.

కంపెనీ తరఫున ఉన్ని ఇచ్చి స్వెటర్లు అల్లించుకునే దోన్ రెమీహియో దాన్ని వేలితో తట్టాడు. ముల్లు కాస్త వణికి మళ్ళీ అక్కడికే వచ్చింది. అతను స్వెటరును కొక్కెం నుంచి తీసి, బడి ముందు వరస కట్టిన ఆడవాళ్ళందరికీ కనబడేలా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. బూడిదరంగు అల్పాకా ఉన్ని. ఛాతీ మీద రెక్కలు విప్పిన తెల్లటి కొండపక్షుల వరస. తోలాపాటా ఊళ్ళో అలాంటి రెక్క అల్లగలిగింది బసీలియా ఒక్కతే.

"ఆరువందల గ్రాముల ఉన్ని ఇచ్చాను. ఐదువందల ముప్పై తెచ్చావు. ఇది మూడోసారి. మిగతా డెబ్బై గ్రాములు ఎక్కడ తల్లీ?"

తల్లీ అనడం అతనికి అలవాటు. అతని తండ్రికి ఆ అలవాటు లేదు. ఆ తండ్రి జమీందారు దగ్గర కొరడా పట్టిన మేస్త్రీ. ఇప్పుడు బడి ఉన్నచోట అప్పుడు గొర్రెలదొడ్డి ఉండేది, అక్కడే మనుషుల్ని కట్టేసి కొట్టేవాడు. తర్వాత సైనికుల ప్రభుత్వం వచ్చి భూములు పంచింది. జమీందారు గుర్రమెక్కి పోయాడు. పదేళ్ళు తిరక్కుండా మేస్త్రీ కొడుకు ట్రక్కెక్కి వచ్చాడు. పొలంలోంచి తరిమేశామనుకున్న దొరతనం ఉన్ని సంచుల్లో దూరి, ఇంటింటికీ వచ్చి, ఆడవాళ్ళ ఒళ్ళో కూర్చుంది.

"ఇచ్చిందంతా అల్లానయ్యా," అంది బసీలియా. "నా ఇంట్లో ఒక్క పోగు మిగల్లేదు. వచ్చి వెతుక్కోండి."

"వెతకడం నా పని కాదు. నలభై మందిలో ముప్పైతొమ్మిది మంది తూకం సరిపోయింది. నీదొక్కదానిదే ఎందుకు తగ్గుతుంది? మీ ఊళ్ళో దొంగ ఉంది. మీరే తేల్చుకోండి. వచ్చే గురువారం వస్తా. తేల్చకపోతే ఈ ఊరికి ఒక్క చిలప, ఒక్క ఉన్ని చుట్ట కూడా దిగదు. నాకు ఊళ్ళకేం కరువు?"

స్వెటరును ఆమె కాళ్ళ ముందు పడేశాడు. ట్రక్కు దుమ్ము లేపుకుంటూ సరస్సు వైపు దిగిపోయింది. అల్లిక కమిటీ పెద్ద నికాసియా వరసలో అందరికన్నా ముందు నిలబడి ఉంది. ఆమె స్వెటరు సరిగ్గా ఆరువందలు తూగింది. బసీలియా ఆమెకు సొంత వదిన, గనిలో పోయిన అన్న పెళ్ళాం. వదిన తన వైపు చూస్తోందని తెలిసి కూడా నికాసియా తల తిప్పలేదు.

ఆ కొండల్లో పిల్లలకు మాటలు రాగానే నేర్పే మొదటి బుద్ధి, దొంగిలించకు అని. రెండోది, అబద్ధమాడకు అని. ఆకలైతే ఓర్చుకుంటారు, తాగి తన్నుకుంటే మర్నాడు నవ్వుకుంటారు. దొంగ అన్న మాట మాత్రం మనిషి చచ్చినా వదలదు, పిల్లల పిల్లలకు కూడా పిల్లనివ్వరు. రెమీహియో ఆ ఊరి గాలి పీల్చి పెరిగినవాడు. ఏ మాట అంటే ఎక్కడ తగులుతుందో అతనికి బాగా తెలుసు.

ఆదివారం పొద్దున ఊరంతా బడి ముందు చేరింది. మగవాళ్ళు గోడ వారన, ఆడవాళ్ళు నేల మీద. వెండి పొన్ను బెత్తం పట్టుకుని ఊరిపెద్ద సెనోబియో మధ్యలో నిలబడ్డాడు.

"చెప్పండమ్మా. ఏం చేద్దాం?"

"చేసేదేముంది!" తెయోడోరా లేచింది. ఊళ్ళో గట్టి గొంతు ఆమెది. "దీని మూలంగా ఊరంతా పస్తుండాలా? కరువొచ్చి దుంపలు మాడిపోయాయి. అల్లిక కూడా పోతే మట్టి తింటామా? దొంగని దొంగ అనడానికి ఇంత మంది ఎందుకు?"

"నేను తీయలేదే తెయోడోరా."

"తీయకపోతే గాలికి ఎగిరిపోయిందా? నీకొక్కదానికే వచ్చిందా గాలి?"

కొందరు నవ్వారు. ఆ నవ్వులో భయం ఉంది. దొంగ దొరక్కపోతే ఇల్లిల్లూ సోదా చేస్తారని అప్పటికే మాట పుట్టింది. ఒక్కొక్కరే లేచి, దొంగని తేల్చాల్సిందే అన్నారు. బసీలియా అందర్నీ చూసి చివరికి ఆడపడుచు ముందుకొచ్చి ఆగింది. మెల్లిగా, ఇంట్లో ఉప్పు ఉందా అని అడిగినట్టు అడిగింది.

"నువ్వు చెప్పు నికాసియా. నీ ఉన్ని తగ్గలేదా?"

 నికాసియా ఉన్ని తగ్గింది. మూడు నెలలుగా ప్రతిసారీ తగ్గింది. ఎలుకలేమో అనుకుంది, తన చేతివాటమేమో అనుకుంది, చివరికి కోడలి మీద కూడా అనుమానపడింది. నోరు విప్పితే దొంగ అంటారని భయపడి, సొంత అల్పాకా ఉన్ని వడికి, స్వెటరు అంచులో దట్టంగా అల్లి తూకం సరిచేసింది. వదినకు జీవాల్లేవు. ఉన్న రెండు అల్పాకాలూ కిందటి మంచుకు చచ్చాయి. కలపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"లేదు," అంది నికాసియా.

 ఆచారం ప్రకారం దొంగసొత్తును మెడలో వేసి ఊరి చుట్టూ తిప్పాలి. కమిటీ పెద్ద గనక వేయాల్సింది నికాసియాయే. తెల్లపక్షుల స్వెటరును ఆమె తన చేతులతో వదిన మెడ చుట్టూ ముడి వేసింది. మూడుసార్లు తిప్పారు. పోయిన డెబ్బై గ్రాములూ తెచ్చి అప్పగించేదాకా ఆమెకు ఎవరూ నిప్పు ఇవ్వకూడదు, పలకరించకూడదు అని సెనోబియో బెత్తం నేలకు కొట్టి చెప్పాడు. 

ఆ వారమంతా పట్టపగలే నక్క ఊరి వైపు మొహం పెట్టి కూసింది. చూపు మందగించి అల్లిక మానేసిన కసిమీరా అవ్వ, గడప దగ్గర కూర్చుని శకునం చూడడానికి కోకా ఆకులు గుడ్డ మీద చల్లి చేత్తో తడిమింది. ఆకులన్నీ బోర్లా పడ్డాయి. మళ్ళీ చల్లింది. మళ్ళీ అంతే.

"ఏం కనబడుతోంది అవ్వా?" అని అడిగింది దారిన పోతున్న నికాసియా.

"నడుస్తున్నారే. చాలామంది నడుస్తున్నారు. దారికి ఆ చివర ఏముందో ఆకు చెప్పట్లేదు. నాకిది నచ్చలేదు పిల్లా."

గురువారం రెమీహియో వచ్చాడు. దొంగను తేల్చామని సెనోబియో చెబితే, మంచి పని చేశారు తల్లుల్లారా అని అందరికీ కొత్త ఉన్ని సంచులు దింపించాడు. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచులు. నికాసియా తన సంచి తీసుకుంది. చల్లగా, చచ్చిన గొర్రెలా ఉంది. పట్నం ఉన్ని ఎప్పుడూ అంతే అని అందరూ అనుకునేవాళ్ళు. సరస్సు ఒడ్డున అతని గోదాము నీళ్ళలోకి చొచ్చుకుని ఉంటుందనీ, చిలపలు అందులో నెలల తరబడి చెమ్మ పీలుస్తాయనీ ఎవరూ ఆలోచించలేదు. అక్కడ తూచి ఇక్కడికి తెస్తాడు. ఇక్కడ పొడిగాలి పెదాలు పగలగొడుతుంది. ఆ సంగతి ఆ రోజు నికాసియాకు తట్టలేదు. వదిన ఇంటి పొయ్యిలో పొగ లేదని మాత్రం చూసింది.

శుక్రవారం కాపరులు వచ్చి చెప్పారు.

కనుమ కింద ముళ్ళపొదల మధ్య కూర్చుని ఉంది బసీలియా. మంచుకు బిగుసుకుపోయింది. మందలు ఆ దారిన పోయేటప్పుడు ముళ్ళకు ఉన్ని కుచ్చులు చిక్కుకుంటాయి. ఆమె పొద పొదా తిరిగి వాటిని ఏరుకుంది. వేళ్ళ నిండా ముళ్ళు. ఒళ్ళో మూటగుడ్డ, గుడ్డలో గుప్పెడు ఉన్ని.

డెబ్బై గ్రాములు పోగు చేస్తోంది ఆ మనిషి. తాను తీయని ఉన్నిని తిరిగి ఇవ్వడానికి.

శవాన్ని దింపుకొచ్చి పాతిపెట్టారు. తెయోడోరా అందరికన్నా గట్టిగా ఏడ్చింది. నికాసియా ఏడవలేదు. ఏడిస్తే నిజం బయటికొస్తుందని పళ్ళు బిగపట్టింది.

మైల రోజుల్లో ఎవరూ అల్లిక ముట్టకూడదు. ఎనిమిదోరోజు పొద్దున చనిపోయిన మనిషి బట్టలు ఏట్లో ఉతకాలి. బట్టలు ఆరేదాకా ఎవరూ కదలకూడదు. ఆడవాళ్ళందరూ ఏటి ఒడ్డుకు వచ్చారు. పక్కనే దుంపల కళ్ళం. అది జూన్ నెల. రాత్రి మంచుకు గడ్డకట్టిన దుంపల్ని పొద్దునే తొక్కి, నీళ్ళు పిండి, ఎండలో ఆరబెట్టి చూన్యో చేసుకునే కాలం. కసిమీరా అవ్వ ఎడమచేతి వైపు పురి తిప్పి వడికిన నలుపూ తెలుపూ దారం తెచ్చింది. మామూలు దారం కుడి వైపు తిరుగుతుంది. ఇది చావు దారం. అందరి మణికట్లకూ కట్టి, బట్టలు ఆరాక పుటుక్కున తెంచాలి. తెంచకపోతే పోయిన మనిషి వెంట వస్తుంది.

అవ్వ అందరికీ దారం కట్టింది. తర్వాత కళ్ళంలో ఎండిన చూన్యో మూటను భుజానికెత్తుకుని, ఏటేటా అనే మాటే అలవాటు కొద్దీ అంది.

"వచ్చేటప్పుడు గాడిద మోసింది దీన్ని. పోయేటప్పుడు ఈ ముసల్ది మోస్తోంది. మిగతా బరువు ఏ దొంగ ఎత్తుకుపోయాడే? సెనోబియోని పిలవండి, పంచాయితీ పెడదాం."

ఏటేటా అందరూ నవ్వేవాళ్ళు. ఈసారి ఎవరూ నవ్వలేదు. దొంగ అన్న మాట ఏటి మీద అలాగే నిలిచిపోయింది. అవ్వ నాలుక్కరుచుకుంది.

నికాసియా లేచి నిలబడింది. చేతిలో వదిన తడి పావడా ఉంది. రాయంత బరువు. ఆమె దాన్ని చూసింది, మూటను చూసింది. పావడాను రాతి మీద పరిచి, ఊళ్ళోకి పరిగెత్తింది.

తిరిగొచ్చేటప్పుడు ఒక చేతిలో కంపెనీ సంచి, మరో చేతిలో అవ్వ ఇంటి చెక్క తక్కెడ. సంచి మూతి విప్పి ఒక చిలప తీసింది. చిలప నడుముకు చుట్టిన కాగితం మీద కంపెనీ లక్కముద్ర చెక్కుచెదరకుండా ఉంది. ఒక పళ్ళెంలో చిలప, ఇంకో పళ్ళెంలో ఏటి రాళ్ళు వేసి సమానం చేసింది. ఆ రాళ్ళను పక్కన పెట్టి, చిలపను వదిన బట్టల పక్కన ఎండలో వేసింది.

"ఏంటే ఇది? చచ్చినదాని బట్టల పక్కన ఉన్ని ఆరేస్తావా? పిచ్చెక్కిందా?" అంది తెయోడోరా.

"బట్టలు ఆరేదాకా కూర్చోవాలిగా. కూర్చో."

గాలి వీచింది. మధ్యాహ్నం దాటింది. బట్టలు ఆరాయి. నికాసియా చిలపనూ అవే రాళ్ళనూ మళ్ళీ తక్కెడలో వేసింది. రాళ్ళ పళ్ళెం నేలకు తాకింది. చిలప పైకి లేచింది.

 కసిమీరా అవ్వ చేత్తో తడిమి తక్కెడ కాడ ఎటు ఒరిగిందో చూసింది.

"చూన్యో," అంది మెల్లిగా. "వాడు మనకి పచ్చిదుంపలిచ్చి చూన్యో తూస్తున్నాడే."

"మరి ముప్పైతొమ్మిది మందివి ఎలా సరిపోయాయి?" అని అడిగింది వెనక నుంచి ఒకావిడ. అడిగిన మనిషే తల దించుకుంది.

నికాసియా ఏటి వైపు తిరిగి, వదిన బట్టలకు చెప్పినట్టు చెప్పింది. "నా ఉన్ని తగ్గింది వదినా. మూడుసార్లూ తగ్గింది. నా అల్పాకా ఉన్ని కలిపాను. నువ్వు అందరి ముందూ అడిగితే లేదన్నాను. నీ మెడలో ముడి వేసింది ఈ చేతులే."

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. 

"నాది తొంభై," అంది తెయోడోరా. గట్టి గొంతు పీలగా వచ్చింది. "నాది తొంభై తగ్గింది పోయిన నెల. మా అత్త దుప్పటి విప్పి కలిపాను. నన్ను పట్టుకుంటారని భయమేసింది. అందుకే అరిచాను దాని మీద."

"నాదీ తగ్గింది."

"నేనూ కలిపాను. మా ఆయనక్కూడా చెప్పలేదు."

ఒక్కొక్కరే చెప్పారు. ప్రతి ఒక్కరూ తనదొక్కదానిదే తగ్గిందనుకున్నారు. దొంగ అనిపించుకోకూడదని ప్రతి ఇల్లూ తన ఉన్నిని మౌనంగా దొంగకు సమర్పించుకుంది. ముప్పైతొమ్మిది ఇళ్ళ సిగ్గు వాడికి పెట్టుబడి అయింది. రెమీహియోకి కొరడా అక్కర్లేకపోయింది, ఆ ఊరి నిజాయితీతోనే ఆ ఊరిని కొట్టాడు.

"దారాలు తెంచండే, పొద్దు వాలుతోంది," అంది అవ్వ. "వెళ్ళిపో, మా వెంట రాకు అని చెప్పి తెంచాలి."

"నేను తెంచను," అంది నికాసియా. "ఆమె పేరు కడగకుండా బట్టలు ఉతికితే ఏం లాభం? రానీ అవ్వా. మా వెంటే రానీ."

అవ్వ భయపడింది. ఎముకల్లోకి దిగే భయం అది. అలాంటి పని ఎవరూ చేయగా ఆమె చూడలేదు. తెయోడోరా తన మణికట్టు వైపు చూసుకుని రైక చెయ్యి కిందికి లాగేసుకుంది. ఆ రోజు ఏటి ఒడ్డున ఒక్క దారం కూడా తెగలేదు.

మైల తీరినా మర్నాటి నుంచి తోలాపాటాలో ఎవరూ అల్లిక ఊచ పట్టలేదు. లక్కముద్రలతో ఉన్న చిలపలన్నీ బడి కంచె మీద వరసగా వేలాడాయి. దారిన పోయే లారీలవాళ్ళు చూశారు. కబురు సరస్సు దాకా పోయింది. పది రోజులు గడవకముందే రెమీహియో ట్రక్కు వచ్చింది. ఈసారి వెనక ఒక సార్జెంటు, ఎనిమిది మంది పోలీసులు తుపాకులతో కూర్చుని ఉన్నారు.

"ఏంటి తల్లీ ఇది? జాతరా?" అన్నాడు రెమీహియో.

"నీ కాటా దింపు. నీ ఉన్ని నీ కాటా మీదే తూద్దాం," అంది నికాసియా.

"నేను పని చూడ్డానికొచ్చాను. తూకాలకు రాలేదు."

"పోయినసారి తూకానికే వచ్చావుగా! అప్పుడు ముద్దొచ్చిన కాటా ఇప్పుడు చేదైందా?" తెయోడోరా గొంతు మళ్ళీ పాతదైంది. జనం ఘొల్లున నవ్వారు. సెనోబియో, గోడ వారనున్న మగవాళ్ళు లేచి ట్రక్కు చుట్టూ చేరారు. కాటాను వాళ్ళే దింపి బడి ముందు వేలాడదీశారు.

కంచె మీది నుంచి ఆరు చిలపలు తెచ్చింది నికాసియా. "ముద్రలు చూడండి సార్జెంటుగారూ. నిక్షేపంగా ఉన్నాయి. ఎవరూ విప్పలేదు, ఎవరూ అల్లలేదు. వంద గ్రాముల చిలపలు ఆరు. ఎంతుండాలి?"

సార్జెంటు కూడా కొండల మనిషే. బూట్లు, టోపీ సర్కారువి గానీ మొహం వాళ్ళదే. ముద్రల వైపు చూశాడు. ముల్లు వైపు చూశాడు. ముల్లు ఐదువందల ముప్పై దగ్గర ఆగింది. అతను చూపు తిప్పేసుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు దోన్ రెమీహియో," అంది నికాసియా. "డెబ్బై గ్రాములు ఎక్కడ? దొంగ ఎవరు?"

జనంలోంచి ఒకటే కేక లేచింది. "మెడలో వేయండి! ఊరు తిప్పండి!"

రెమీహియో వెనక్కి జరిగాడు. ట్రక్కు తలుపుకు ఆనుకుని అరిచాడు. "కంపెనీ సొత్తు ఇన్ని రోజులుగా అల్లకుండా దాచుకున్నారు! ఇది దొంగతనం! ఇది తిరుగుబాటు! సార్జెంట్, దీన్ని పట్టుకోండి!"

తుపాకుల బోల్టులు లాగిన చప్పుడు వినబడింది. జనం ఒక్క అడుగు వెనక్కేసి ఆగిపోయారు.

"మీకు పెద్ద ఎవరు?" అన్నాడు సార్జెంటు, నేల చూస్తూ.

"నేను," అంది నికాసియా. "దొంగతనం కేసేనా పెట్టేది? పెట్టండి. కానీ మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది."

కాటా మీది ఆరు చిలపలూ తీసి తన మెడలో తానే వేసుకుంది. "దొంగను నడిపించాలి. ట్రక్కెక్కను. పట్నం దాకా నడిచే వస్తా. దారిలో ఊళ్ళన్నీ చూడాలి."

తెయోడోరా కంచె దగ్గరికి వెళ్ళి తన ఆరు చిలపలూ తీసి మెడలో వేసుకుంది. ఆ వెనక ఇంకొకావిడ. కంచె ఖాళీ అయింది. అవ్వకు చిలప మిగల్లేదు. బసీలియా ఏరిన గుప్పెడు ఉన్నిని అవ్వ ఆ మైల ఎనిమిది రోజుల్లో ఎడమ పురితో దారం తీసి ఉంచింది. దాన్నే మెడకు చుట్టుకుంది. "నడవలేవే ముసలీ" అని ఎవరో అంటే, "నీ కన్నా ముందు చేరతా, నీ మొగుణ్ణడుగు నా కాళ్ళ సంగతి" అంది.

దారి సరస్సు వైపు దిగుతోంది. ముందూ పక్కలా పోలీసులు, మధ్యలో ఆడవాళ్ళు, వెనక మెల్లిగా మూలుగుతూ ట్రక్కు. మేఘాలు కొండ భుజాల మీదికి జారాయి. ఎవరూ పాట పాడలేదు. మెట్ట దాటగానే దూరంగా వంతెన కనబడింది. తిరుగుబాటు అన్న మాట పోలీసుల రేడియోలో ముందే అక్కడికి చేరింది. వంతెనకు అడ్డంగా రెండు సైనిక వాహనాలు, వాటి ముందు బారులు తీరిన మనుషులు. అవ్వకు కనబడలేదు గానీ పక్కవాళ్ళ నడక తడబడిన చప్పుడు వినబడింది.

"ఏముందే అక్కడ?"

"సైన్యం అవ్వా."

"అయితే దారికి ఆ చివర అదన్నమాట." మళ్ళీ అడిగింది. "ఆమె వస్తోందా?"

నికాసియా మణికట్టు తడుముకుంది. దారం గట్టిగానే ఉంది. "వస్తోంది."

వంతెనకు ముందు పుకారూమి ఊరు. ఆ ఊరి ఆడవాళ్ళూ రెమీహియోకే అల్లుతారు. తోలాపాటా దొంగల ఊరని వాళ్ళకు ఎప్పుడో చెప్పేశాడు. జనం వస్తుంటే తలుపులు ఒక్కటొక్కటే మూసుకున్నాయి. చివరింటి గడపలో మాత్రం ఒక పడుచు మనిషి సగం అల్లిన స్వెటరు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. స్వెటరు అంచు దట్టంగా ఉంది. మిగతా ఉన్ని కంటే ఒక వాసి ముదురు రంగు.

నికాసియా ఆగింది. వెనక తుపాకీ వీపుకు తగిలింది. ఆగే ఉంది.

"చెల్లీ, నీ ఉన్ని తగ్గలేదా?"

ఆ మనిషి పోలీసుల్ని చూసింది, ట్రక్కులో రెమీహియోని చూసింది, నలభై మెడల్లోని ఉన్నిని చూసింది. అంచు మీద చెయ్యి కప్పుకుంది.  ట్రక్కు హారన్ మోగింది.

ఆమె అంచు మీది నుంచి చెయ్యి తీసేసింది.

"తగ్గింది," అంది. లేచి లోపలికి వెళ్ళి, మెడలో చిలప వేసుకుని వచ్చి, తలుపు దగ్గరికి లాగి, పక్కింటి తలుపు తట్టింది.